ప్రత్తిచేలకు పోయిన సముద్రము

మన మగ్గము మీదికి వచ్చు నూలు వెనుక మిల్లు ఉన్నది. మిల్లు వెనుక జిన్నింగు ఫ్యాక్టరీ, దాని వెనుక ప్రత్తిచేను ఉన్నవి. అంతవరకు మనవారికి తెలియనిది కాదు. చేను వెనుక నీరున్నది. ఆ నీరెక్కడనుండి వచ్చినది, చేనికి రాకపోయినచో అది మరెక్కడికి పోయెడిది అన్న ప్రశ్నను మాత్రము నూలు ధర నడిగినట్లు మన మడుగము. మధ్య ఆసియాలో ఈ ప్రశ్నకు జవాబు తెలిసియుండియు దానిని లెక్కకు తీసికొనక, నలుబది యేండ్లలో ఒక సముద్రమునే పోగొట్టుకొన్నారు. దాని పేరు అరల్ సముద్రము. అది ఎండుటకు ముఖ్యకారణము ప్రత్తి. కనుక ఈ కథ తెలిసికొనవలసినవారిలో నేతపనివారు ముందువరుసలోనివారు.

అరల్ సముద్రము కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ దేశముల నడుమ ఉన్నది. 1991 వరకు ఆ రెండును సోవియట్ రాజ్యములోనివే. అరల్ అనగా వారి భాషలో ద్వీపము. వేయికి పైగా చిన్న పెద్ద లంకలుండుటచే దాని కా పేరు వచ్చినది. 1960లో దాని విస్తీర్ణము సుమారు 68,000 చదరపు కిలోమీటర్లు, అనగా సింహళద్వీపము కంటె కొంచెము పెద్దది. లోకమందలి భూపరివేష్టిత జలాశయములలో నాలుగవ స్థానము దానిదే. చుట్టును ఎడారి. వాన బహు తక్కువ. అట్టిచోట అంత నీరెట్లు నిలిచినదనిన, రెండు నదులు దానిని పోషించినవి. పామీరు కొండల మంచునీటితో వచ్చు అము దర్యా ఒకటి, టియన్ షాన్ కొండలనుండి వచ్చు సిర్ దర్యా రెండవది. దర్యా అనగా నది. అలెగ్జాండరు నాటి గ్రీకులు అము దర్యాను ఆక్సస్ అని పిలిచిరి.

ఇట్టి సముద్రమునకును మన బంగాళాఖాతమునకును ఒక పెద్ద భేదమున్నది. కృష్ణ నీరంతయు పైననే ఆపివేసినచో డెల్టా రైతు చెడును, ఉప్పునీరు లోపలికి వచ్చును, చేపల పెంపకము దెబ్బతినును. కాని బంగాళాఖాతము ఒక్క అంగుళమైనను తగ్గదు. దానికి మహాసముద్రముల అండ ఉన్నది. అరల్‌కు అట్టి అండ లేదు. దానిలోనికి నదులు వచ్చుటయే కాని దానినుండి బయటికి పోవు దారియు లేదు. వచ్చిన నీరు ఎండకు ఆవిరియై పోవలసినదే. దాని జీవితమంతయు జమాఖర్చుల మీద నడచునది.

ఆ లెక్కను శాస్త్రజ్ఞులు కట్టియున్నారు. 1911 మొదలు 1960 వరకు సగటున ఏటికి నదులవలన వచ్చినది 56 ఘన కిలోమీటర్లు, సముద్రము మీద పడిన వానవలన 9, వెరసి 65. ఆవిరిగా పోయినది సుమారు 66. అర్ధశతాబ్దము పాటు జమకు ఖర్చు ఇంచుమించు సరిపోయినది కనుక నీటిమట్టము పెద్దగా మారలేదు. ఘన కిలోమీటరు మనవారి నోట నలిగిన కొలత కాదు. మనము టి.ఎం.సి. అని చెప్పుకొను శతకోటి ఘనపుటడుగులలో చెప్పినచో, ఒక ఘన కిలోమీటరు 35 టి.ఎం.సి.లకు సమానము. అనగా రెండు నదులు కలిసి అరల్‌కు ఏటేట ఇచ్చినది సుమారు 2,000 టి.ఎం.సి.లు. మహారాష్ట్ర, కర్ణాటక, ఉమ్మడి ఆంధ్రప్రదేశములకు బచావత్ ట్రిబ్యునలు పంచిన కృష్ణాజలములు 2,060 టి.ఎం.సి.లు. ఆ మూడు రాష్ట్రములు ఇన్నేండ్లుగా వాదులాడుకొనుచున్న నీరెంతో, అరల్ సముద్రము ప్రాణము నిలుపుకొనుటకు తాగిన నీరు దాదాపు అంత.

ఇక ప్రత్తి సంగతి. ఆ నదీతీరములందు ప్రత్తి పంట క్రొత్తది కాదు. వేల సంవత్సరములుగా కాలువల సేద్యము నడచిన సీమ అది. క్రొత్తదనము రష్యా చక్రవర్తుల కాలమున వచ్చినది. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగినపుడు ఆ దేశపు ప్రత్తి ఐరోపా మిల్లులకు రాకుండ పోయినది. ఆ రోజులలోనే మన దేశమున ప్రత్తి ధర ఆకాశమునంటి బొంబాయి వర్తకులు కోట్లకు పడగెత్తిరి. నూలు కొనలేక మన తాతముత్తాతలు మగ్గములు ఆపుకొనిరి. రష్యా మిల్లులకును అదే కొరత. 1865లో తాష్కెంటు నగరము రష్యా వశమైనది. తరువాత అమెరికా రకపు గింజలు తెప్పించి, ఆ ప్రాంతమును మిల్లులకు ప్రత్తిచేనుగా మార్చుట ఆరంభించిరి.

సోవియట్ ప్రభుత్వము ఆ పనినే పదింతలుగా సాగించినది. 1918లోనే తుర్కెస్తాన్ సేద్యపు పనులకు లెనిన్ ఉత్తర్వు వెలువడినది. 1939లో ఫెర్గనా లోయలో లక్షా అరువదివేలమంది పార పలుగులతో 45 దినములలో 270 కిలోమీటర్ల కాలువ త్రవ్విరి. 1954లో మొదలైన కారాకుమ్ కాలువ వీటన్నిటికంటె పెద్దది. అము దర్యానుండి బయలుదేరి, నల్లయిసుక అను పేరుగల ఎడారి నడుమగా తుర్కుమెనిస్తాన్ రాజధాని అష్గబాతును 1962లో చేరి, చివరకు 1,300 కిలోమీటర్లకు పైగా సాగినది. దాని అడుగునకుగాని ప్రక్కలకుగాని సిమెంటు లేదు. ఇసుకలో త్రవ్విన కాలువలో నీరెంత నిలుచునో వేరుగ చెప్పనక్కరలేదు. ప్రవహించిన నీటిలో పెద్దభాగము చేను చేరకముందే ఇసుకలో ఇంకినది.

ఇచ్చట చదువరులకొక సందేహము కలుగవలెను. 1960కి ముందు కూడ కాలువలు త్రవ్వినారు కదా, సేద్యము పెరిగినది కదా, మరి అప్పుడు సముద్రమేల తగ్గలేదు? ఈ కథలో నేర్చుకొనదగిన ముఖ్యవిషయము ఇదియే. పూర్వము వరదలకు ఆ నదులు గట్లు దాటి, తీరములందలి రెల్లు పొదలలోను, డెల్టా మడుగులలోను ఎంతయో నీటిని వృథాగా ఆవిరి చేసికొనెడివి. కాలువలకు నీరు తీయగా మొదట తగ్గినది ఆ వృథా. పైగా చేలు నదిలోయలోనే ఉండుటచే, చేనులో మిగిలిన నీరు మురుగుకాలువల గుండ మరల నదిలోనికే చేరెడిది. అందుచే సముద్రమునకు పోవు భాగము అంతగా తగ్గలేదు. ఏబది యేండ్లు ఇట్లే నడచుటచే, ఎంత తీసినను ఏమియు కాదన్న ధైర్యము ఇంజనీర్లకు కలిగినది. 1960 తరువాత త్రవ్విన కాలువలు నదిలోయను విడిచి దూరపు ఎడారులలోనికి పోయినవి. అక్కడ మిగిలిన నీరు నదికి తిరిగి రాదు. అది పల్లములలో చేరి క్రొత్త చెరువులైనది. సరికమిష్ అనునది అట్టి మురుగునీటితో పెరిగిన సరస్సే. అనగా అరల్‌కు రావలసిన నీటిలో కొంత నేటికిని ఎడారి గుంటలలో, మందులతోను ఉప్పుతోను కలిసి, ఎవరికిని పనికిరాక పడియున్నది.

ఫలితము అంకెలలో చూడుడు. 1960–70 దశాబ్దములో నదులు సముద్రమునకు ఇచ్చినది సగటున ఏటికి 43 ఘన కిలోమీటర్లు. తరువాతి దశాబ్దములో సుమారు 17. ఆ తరువాత 1980–90 నడుమ సుమారు 4, అనగా 140 టి.ఎం.సి.లు. రెండువేలు తాగినదానికి నూటనలుబది! ఆ దశాబ్దములో కొన్ని సంవత్సరములు నదులు సముద్రమును చేరనేలేదు. అదే కాలములో ఆ పరీవాహక ప్రాంతపు సాగుభూమి 45 లక్షల హెక్టార్లనుండి 70 లక్షలు దాటినది.

రాబడి తగ్గిన సంసారము ఇల్లు మార్చి చిన్న గదిలోనికి పోయినట్లు, నీరు తగ్గిన సముద్రము కుంచించుకొనును. వెడల్పు తగ్గినకొలది ఆవిరియగు నీరు తగ్గును. కాబట్టి ఇట్టి సముద్రము ఒక్కసారిగ మాయము కాదు. క్రొత్త రాబడికి ఖర్చు సరిపోవు కొలతకు దిగుచు పోవును. ఈ మాట గుర్తుంచుకొనవలెను, ముందు అవసరమగును. 1987 నాటికి మట్టము 13 మీటర్లు తగ్గి, సముద్రము రెండు ముక్కలైనది. సిర్ దర్యా కలియు ఉత్తరపు చిన్నముక్క కజకిస్తాన్‌లోను, అము దర్యా కలియవలసిన దక్షిణపు పెద్దముక్క చాలవరకు ఉజ్బెకిస్తాన్ వైపునను మిగిలినవి.

నీరు తగ్గినను ఉప్పు తగ్గదు. గంజి కాచు కాగులో నీరు మరిగినకొలది గంజి చిక్కబడుట మనకు నిత్యము చూపునకు వచ్చునదే. 1960లో లీటరుకు 10 గ్రాములున్న ఉప్పు, 1990 నాటికి సుమారు 30 గ్రాములైనది. మహాసముద్రపు నీటిలో ఉండునది 35. దక్షిణభాగమున తరువాత నూరు దాటినది. మంచినీటి జాతి చేపలు ఇంత ఉప్పులో గ్రుడ్లు పెట్టలేవు. 1950ల చివర ఏటికి నలుబదివేల టన్నులకు పైగా పడిన చేపలు, 1980ల మొదటికి పట్టుటకు లేకుండ పోయినవి.

ఆ బెస్తవారి గతి మనము ప్రత్యేకముగ చెప్పుకొనదగినది. ఉత్తరమున అరల్స్క్, దక్షిణమున మొయ్‌నాక్ అని రెండు రేవులుండెడివి. 1921లో రష్యాలో కరవు వచ్చినపుడు లెనిన్ కోరికపై అరల్ బెస్తవారు 14 రైలు వ్యాగనుల చేపలు పంపిరి. ఆ సంగతిని చూపు చిత్రము అరల్స్క్ రైలుస్టేషను గోడమీద ఉన్నది. దేశమునకు అన్నము పెట్టిన ఆ ఊరినుండి సముద్రము సుమారు నూరు కిలోమీటర్లు వెనుకకు పోయినది. మొయ్‌నాక్‌లో పారిపోవు సముద్రము వెంట కాలువ త్రవ్వుచు కొన్నాళ్లు పడవలు నడిపిరి. సముద్రము త్రవ్వువారికంటె వేగముగ పోయినది. పడవలు ఇసుకలో నిలిచిపోయినవి. వాటి తుప్పుపట్టిన ఒడళ్లను చూచుటకు నేడు యాత్రికులు వచ్చుచున్నారు.

ఆ ఊరి చేపల డబ్బాల కర్మాగారము మూతపడకుండుటకు ప్రభుత్వము చేసిన పని విచిత్రమైనది. బాల్టిక్, పసిఫిక్ సముద్రములనుండి గడ్డకట్టించిన చేపలను వేల కిలోమీటర్లు రైలుమీద తెచ్చి అక్కడ డబ్బాలలో నింపించినది. చేతిలో పని యుండవలెను కదా యని. దూరపు మిల్లు నూలు రేషను మీద వచ్చువరకు మగ్గము ఆపుకొని కూర్చున్న ఏ కుటుంబమునకైనను ఆ స్థితి సులభముగ అర్థమగును. సోవియట్ రాజ్యము పోయినతరువాత ఆ చేపలును రాలేదు, ఫ్యాక్టరీ మూతపడినది, పడుచువారు ఊరు విడిచిరి.

నీరు విడిచిన నేల యేమైనది? ఉప్పు పేరుకొన్న క్రొత్త ఎడారియైనది. దానిని అరల్‌కుమ్ అందురు. గాలి లేచినపుడు అక్కడి ఉప్పుదుమ్ము వందల కిలోమీటర్లు పోవును; 1975లోనే అంతరిక్షమునుండి తీసిన చిత్రములలో ఆ దుమ్ముమేఘములు కనబడినవి. ఆ దుమ్ములో ఉప్పు ఒక్కటియే కాదు. ప్రత్తికి చల్లిన పురుగుమందులు, యంత్రముతో కాయ తీయుటకు అనువుగా ఆకు రాల్చు మందులు మురుగునీటితో వచ్చి సముద్రగర్భమున చేరియుండినవి. నీరు పోగా అవి గాలికెక్కినవి. ఆ తీరమందలి కరకల్పక ప్రజలలో రక్తహీనత, ఊపిరితిత్తుల జబ్బులు ప్రబలినవని వైద్యులు చెప్పుచున్నారు.

సముద్రము చుట్టుప్రక్కల శీతోష్ణమును సమపాళ్లలో ఉంచెడిది. అది పోగా వేసవి మరింత వేడి, చలికాలము మరింత చలి అయినవి. మంచు ఆలస్యముగ విడిచి తొందరగ మొదలగుటచే పైరు కాలము కురుచబడినది. ప్రత్తికి దీర్ఘమైన వెచ్చని కాలము కావలెను. అది చాలక తీరప్రాంతపు చేలు కొన్ని ప్రత్తిని మాని వరికి దిగినవి. ప్రత్తికొరకు సముద్రమును ఎండగట్టగా, ఎండిన సముద్రము ప్రత్తినే ఆ తీరమునుండి తరిమినది! మిగిలిన చేలలో అదనపు నీటివలన భూగర్భజలము పైకి లేచి ఉప్పు తేలినది. ఆ ఉప్పును కడుగుటకు విత్తుటకు ముందే చేనంతయు నీట ముంచవలెను. ఆ నీరును నదిదే.

ఇదంతయు తెలియక జరిగినదని కొందరు వ్రాయుదురు. అది సరికాదు. సముద్రము తగ్గునని ప్రణాళికలు వేసినవారికి తెలియును. చేపలవలన వచ్చు రాబడికంటె ప్రత్తివలన వచ్చునది ఎన్నో రెట్లు ఎక్కువ యని లెక్క వేసి, సముద్రమును ఖర్చు వ్రాసికొనిరి. దుమ్ము, జబ్బు, చలి, ఉప్పుచేలు ఆ లెక్కలో లేవు. చిత్రమేమనగా, అంత త్యాగము చేసి సాధించితిమన్న ప్రత్తిలో కొంత కాగితముమీదిదే. ఉజ్బెకిస్తాన్‌లో పండని ప్రత్తిని పండినట్లు ఏండ్ల తరబడి వ్రాసి మాస్కోనుండి సొమ్ము రాబట్టిన సంగతి 1980లలో విచారణలో బయటపడినది. లేని మగ్గముల పేర నూలు వ్రాయించుకొనువారు మనలోనే ఉన్నారని అనుకొనుచుంటిమి!

ఇక, ప్రత్తియే పాపియా? అట్లు తీర్పు చెప్పుట తొందరపాటు. లోకసగటున కిలో నూలుబట్టకు సుమారు పదివేల లీటర్ల నీరు పట్టునని అంచనా. అరకిలో తూగు చీరకు అయిదువేల లీటర్లన్నమాట. అయితే ఆ నీరు వాననీరా నదినీరా అనునదే అసలు ప్రశ్న. మన దేశపు ప్రత్తిచేలలో దాదాపు మూడింట రెండువంతులు వానమీద ఆధారపడినవి. నల్లరేగడిలో వానకు పండిన ప్రత్తి ఏ సముద్రమునోటి నీటిని తీసికొనలేదు. దిగుబడి తక్కువైనను అది ఋణములేని పంట. వాన కురియని ఎడారిలో పండించిన ప్రతి కిలోయు నదినుండి తీసినదే. అందుచే ఒకే కౌంటు నూలు రెండు చిలపలు చేతికి తీసికొన్నపుడు వాటి తూకము ఒకటే కావచ్చును, వాటి వెనుకనున్న నీటి లెక్క ఒకటి కాదు. మరొక సంగతి. ఉజ్బెకిస్తాన్ ప్రత్తి విస్తీర్ణమును 1980ల నాటి సుమారు 20 లక్షల హెక్టార్లనుండి ఇప్పటికి సగమునకు తగ్గించినది. అయినను దక్షిణ అరల్ నిండలేదు. మానిన చేలలో చాలవరకు గోధుమ వేసిరి. దానికిని నీరు కావలెను. కాలువలలో ఇంకిపోవు నీరు ఇంకిపోవుచునే యున్నది.

ఉత్తరమున కథ వేరు. ముక్కలైన రెండు సముద్రముల నడుమ, సిర్ దర్యా నీరు దక్షిణమునకు జారిపోవు సందు ఒకటి ఉండెను. 1990లలో స్థానికులు ఇసుకతో కట్ట వేసిరి. అది తెగుచు మరల వేయుచు చివరకు 1999లో కొట్టుకొనిపోయినది. తరువాత ప్రపంచ బ్యాంకు అప్పుతో కజకిస్తాన్ ప్రభుత్వము 13 కిలోమీటర్ల కోక్ అరల్ ఆనకట్టను 2005లో పూర్తిచేసినది. ఏడాది తిరుగకముందే నీరు అనుకొన్న మట్టమునకు చేరినది. ముందు చెప్పిన సూత్రమే ఇచ్చట పనిచేసినది: చిన్న సముద్రమునకు చిన్న రాబడి చాలును. ఉప్పు తగ్గెను, నదిలో దాగియున్న మంచినీటి చేపలు తిరిగి సముద్రమునకు వచ్చినవి, ఏటా వేల టన్నులు పట్టుచున్నారు. విడిచిపోయినవారిలో కొందరు వలలతో తిరిగివచ్చిరి. అరల్స్క్ రేవుకు మాత్రము నీరింకను రాలేదు.

దక్షిణభాగమునకు ఆ అదృష్టము లేదు. దాని తూర్పుభాగము 2014లో పూర్తిగా ఎండినది. అక్కడ ఉజ్బెకిస్తాన్ ప్రభుత్వము నీటి ఆశ విడిచి, దుమ్ము లేవకుండుటకై సముద్రగర్భమున సాక్సౌల్ అను ఎడారిచెట్టును లక్షల హెక్టార్లలో నాటించుచున్నది.

ఇంతలో అము దర్యా ఎగువన ఆఫ్ఘనిస్తాన్ 2022లో కోష్ తెపా అను కాలువ త్రవ్వుట మొదలుపెట్టినది. పొడవు 285 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 100 మీటర్లు. ఆ నదిలో వారికిని న్యాయమైన భాగమున్నది. సోవియట్ కాలపు పంపకములలో వారిని అడిగినవారు లేరు. కరవులతో ఆకలితో నున్న దేశమది. కాలువ పోవు దారి ఇసుకనేల. అడుగునకు సిమెంటు వేయకయే చాలభాగము త్రవ్వియున్నారు.